చదివి చెప్పిన తెలుగు: జపనీస్ ధారావాహికల అభిమాన ఉపశీర్షికలు, మురమళ్ళ ఇళ్ళలో మౌఖిక అనువాదం

తెలుగులో అనువాద చరిత్రను పరిశీలించినవారు సాధారణంగా చేతికందే గ్రంథాన్ని ఆధారం చేసుకొన్నారు. ముఖపత్రం మీద మూలకర్త పేరు, అనువాదకుని పేరు, ముద్రణ సంవత్సరం ఉన్న రచన చరిత్రలోకి వస్తుంది, తక్కినది రాదు. సాక్ష్యం లేనిదే చరిత్ర లేదు గనుక ఈ పద్ధతిని తప్పుపట్టనక్కరలేదు. అయితే గత దశాబ్దంగా తెలుగు ఇళ్ళలో జరుగుతున్న ఒక అనువాదానికి ముఖపత్రం లేదు, అనువాదకుని పేరు లేదు, లిపి కూడా లేదు. పరభాషా ధారావాహిక తెర మీద నడుస్తుంటుంది. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటాయి. వాటిని చదవగలిగిన పిల్ల పక్కన కూర్చున్న పెద్దవాళ్ళకు ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతుంటుంది. ఈ వ్యాసం ఆ చెప్పడాన్ని గురించినది.

ఇక్కడ పరిశీలించిన ధారావాహికలు జపనీస్‌వి. వాటి ఇంగ్లీషు ఉపశీర్షికలు నిర్మాణ సంస్థలు వేసినవి కావు. జపనీస్ తెలిసిన అభిమానులు పారితోషికం లేకుండా రాసి పంచిపెట్టినవి. వీటినే ఈ వ్యాసంలో ‘అభిమాన ఉపశీర్షికలు’ అంటున్నాను. జపనీస్ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు సాగే ఈ ప్రయాణంలో మొదటి, చివరి భాషల వాక్యనిర్మాణం దగ్గరగా ఉంటుంది; నడుమనున్న ఇంగ్లీషు రెండింటికీ దూరం. అందువల్ల ఇంగ్లీషు వదిలేసిన వాటిలో కొన్నింటిని తెలుగు తన వ్యాకరణ బలంతోనే తిరిగి పట్టుకొంటుంది. మూలంలో లేనివాటిని కొన్నింటిని తన ఇంటి మర్యాదల నుంచి చేర్చుతుంది కూడా. ఈ రెండో పని గురించి మనం ఇంకా మాట్లాడుకోవలసి ఉంది.

తెర పక్కన మనిషి

చదివి చెప్పే మనిషి కొత్తవాడు కాడు. పురాణ కాలక్షేపంలో పద్యం చదివేవారొకరు, అర్థం చెప్పేవారొకరు ఉండడం తెలుగు పల్లెలకు తెలిసిన ఏర్పాటే. మూకీ చిత్రాల కాలంలో అదే మనిషి తెర పక్కకు వచ్చి నిలబడ్డాడు. నడుమ నడుమ తెర మీద పడే రాతలను చదివి, కథ చెప్పి, పాత్రల మాటలను తన గొంతుతో పలికిన వ్యాఖ్యాతలు దక్షిణాది ప్రదర్శనశాలల్లో ఉండేవారు. రఘుపతి వెంకయ్య తన యంత్రాలతో ఊరూరా ప్రదర్శనలిచ్చిన 1910ల నుంచి ‘భక్త ప్రహ్లాద’ దాకా, అంటే రెంటాల జయదేవ పరిశోధన తేల్చినట్లు 1932 ఫిబ్రవరి 6 దాకా, తెలుగు ప్రేక్షకునికి సినిమా అంటే చూసేదీ, పక్కవాడు చెబితే వినేదీ కూడా.

జపాన్‌లో ఈ వ్యాఖ్యాతను ‘బెన్షి’ అన్నారు. మన దగ్గర పేరు కూడా మిగలని ఈ వృత్తి అక్కడ నటులతో సమానమైన ప్రఖ్యాతి తెచ్చిపెట్టింది. ప్రేక్షకులు ఫలానా సినిమాకు కాక ఫలానా బెన్షి చెప్పే సినిమాకు వెళ్ళేవారు. 1930ల నడుమ వరకు జపాన్‌లో మూకీలు నిలవడానికి బెన్షిల ప్రాబల్యం ఒక కారణమని సినిమా చరిత్రకారులు చెబుతారు. దర్శకుడు అకిరా కురొసావా అన్న హెయిగో కూడా బెన్షియే. టాకీలు వచ్చి ఆ వృత్తి కూలిపోతున్న రోజుల్లో, 1933లో, ఆత్మహత్య చేసుకొన్నాడు. బెన్షి కథను చెప్పడంతో ఆగేవాడు కాదు; వ్యాఖ్యానించేవాడు, కొన్నిసార్లు మార్చేవాడు కూడా. మురమళ్ళలో నేను విన్నదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పోలిక చాలా ఉపకరించింది.

టాకీలు వచ్చాక తెలుగు ప్రేక్షకుడు ఉపశీర్షికల వైపు వెళ్ళలేదు. పరభాషా చిత్రానికి తెలుగు గొంతు తొడగడం వైపు వెళ్ళాడు. హిందీ నుంచి 1950లో వచ్చిన ‘ఆహుతి’కి శ్రీశ్రీ మాటలు, పాటలు రాయడంతో తెలుగులో అనువాద చిత్రాల శకం మొదలైందని అందరికీ తెలిసినదే. అక్షరాలు చదువుతూ సినిమా చూడడం ఫిల్మ్ సొసైటీల అలవాటుగా, అంటే పట్టణాల్లో ఇంగ్లీషు చదువుకొన్న కొద్దిమంది అలవాటుగా మిగిలింది. అక్షరాస్యత ఒక్కటే దీనికి కారణమని చెప్పలేం. తెలుగు అక్షరాలతో ఉపశీర్షికలు వేసే పరిశ్రమ ఏర్పడనే లేదు. చదవమని అడిగినప్పుడల్లా మనవాణ్ణి చదవమన్నది ఇంగ్లీషునే.

జపాన్ సాహిత్యం మనకు చేరిన దారి కూడా ఇంచుమించు ఇదే. కాకినాడలో ఉండి ‘కప్పల నిశ్శబ్దం’ (1997) వెలువరించిన ఇస్మాయిల్ మొదలుకొని తెలుగులో హైకూ రాసినవారికి, అనువదించినవారికి ఆ ప్రక్రియ ప్రధానంగా ఇంగ్లీషు పుస్తకాల ద్వారానే పరిచయం. ఆ హైకూల మీద మన విమర్శకులు రాసినది తక్కువేమీ కాదు. కాని ఇంగ్లీషు నడుమ ఉండడం వల్ల ఏది పోయింది, ఏది వచ్చింది అనే లెక్క మాత్రం అరుదుగా తీశారు.

అభిమానులు రాసిన అక్షరాలు

అభిమాన ఉపశీర్షికలు 1980ల చివర అమెరికాలో జపనీస్ యానిమేషన్ సంఘాలలో మొదలయ్యాయి. అమీగా కంప్యూటరుకు జెన్‌లాక్ అనే పరికరాన్ని తగిలించి, వీడియో బొమ్మ మీద అక్షరాలను కలిపి, ఆ కేసెట్‌కు నకళ్ళు తీసి పోస్టులో పంపుకొనేవారు. అంతర్జాలం వేగం పుంజుకొన్న 2000లలో ఈ పని మనుషులు నటించే ధారావాహికలకు పాకింది. జపాన్ టెలివిజన్ సంస్థలకు స్వదేశీ ప్రకటనల ఆదాయమే చాలినంత ఉండేది. నటుల, సంగీతపు హక్కుల చిక్కులు కూడా తోడై, తమ ధారావాహికలను బయటి దేశాలకు అమ్మడానికి అవి పెద్దగా తొందరపడలేదు. ఆ ఖాళీని అభిమానులు పూరించారు. ఒకరు ప్రసారాన్ని రికార్డు చేస్తారు, ఒకరు ప్రతి మాటకు కాలాన్ని గుర్తిస్తారు, ఒకరు అనువదిస్తారు, ఒకరు సరిచూస్తారు. దర్శకుని కంటె ముందు ఈ బృందం పేరు తెర మీద పడడం కూడా కద్దు.

ఆ తరువాత ఈ శ్రమ సంస్థల చేతికి వచ్చింది. స్వచ్ఛంద ఉపశీర్షికల మీద నడిచే వికీ అనే సంస్థను జపాన్‌కే చెందిన రకుటెన్ 2013లో కొనుగోలు చేసింది. జపాన్ వదిలేసిన పనిని బయటివాళ్ళు ఊరికే చేస్తే, ఆ ఊరికే చేసిన పనిని జపాన్ కంపెనీ డబ్బు పెట్టి కొన్నది. ఇందులో న్యాయమెంతో వ్యాపారశాస్త్రం వారు చెప్పాలి.

ఉపశీర్షిక ఫైలు చూడడానికి చాలా సాదా వస్తువు. వరుస సంఖ్య, మాట మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం, కింద ఒకటి రెండు పంక్తులు, తరువాత ఒక ఖాళీ పంక్తి. ఏ రాత సాధనంలోనైనా తెరిచి చదువుకోవచ్చు. వీడియో ఒక చోట, ఈ ఫైలు మరొక చోట దొరికినప్పుడు రెండింటికీ జత కుదరాలి. ప్రకటనలు కోసేసిన రికార్డుకు, కోయని రికార్డుకు రాసిన అక్షరాలు పెడితే ఏడ్చిన తరువాత ఏడుపు మాటలు వస్తాయి. కంప్యూటరులో వీఎల్‌సీ తెరిచి ‘జి’, ‘హెచ్’ మీటలు నొక్కుతూ అక్షరాలను వెనక్కీ ముందుకీ జరపడం ఈ ప్రేక్షకులందరికీ తెలిసిన విద్య. పాఠపరిష్కర్తలకు ఇది అపరిచితమనిపించకూడదు: ఏ ప్రతికి ఏ టీక రాశారో తెలియకుండా రెండింటినీ కలిపి చదివితే వచ్చే చిక్కే ఇది.

టీక అన్న మాట ఊరికే వాడలేదు. అభిమాన ఉపశీర్షికలకు, వృత్తి ఉపశీర్షికలకు పైకి కనిపించే తేడా తెర పై అంచున వచ్చే వివరణలు. పాత్ర పండుగ పేరు చెబితే ఆ పండుగ ఏమిటో, శ్లేష వేస్తే ఆ శ్లేష ఎక్కడుందో అభిమాని అక్కడికక్కడే రాస్తాడు. వృత్తి అనువాదకునికి ఆ స్వేచ్ఛ ఉండదు. జపాన్ థియేటర్లలో సెకనుకు నాలుగు అక్షరాలే అన్న లెక్కతో సంభాషణను కుదించడం స్థిరపడిన సంప్రదాయం. సినిమా పండితుడు ఏబే మార్క్ నోర్న్స్ 1999లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, మూలంలోని పరాయితనాన్ని నునుపు చేయకుండా ప్రేక్షకుని ముందు పెట్టే అనువాదాన్ని సమర్థిస్తూ అభిమానుల పనిని మెచ్చుకొన్నాడు. ఇంగ్లీషు ప్రేక్షకుని వరకు ఆ వాదం సరైనదే. ఆ ఇంగ్లీషును మరొక భాషలోకి గొంతుతో మార్చేవాళ్ళు ఆయన దృష్టిలో లేరు. వారి చేతిలో పరాయితనం ఏమవుతుందో చూడాలంటే తెర ముందు నుంచి లేచి, తెరకూ మంచానికీ నడుమ కూర్చున్న మనిషి దగ్గరకు రావాలి.

మురమళ్ళలో విన్నది

మురమళ్ళ కోనసీమలో ఐ. పోలవరం మండలంలోని గ్రామం. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి ఆలయంలో నిత్యకల్యాణం జరుగుతుంది గనుక పేరు చాలామందికి తెలుసు. ఎదుర్లంక వంతెన దాటితే యానాం. 2020లో విశ్వవిద్యాలయం మూతపడినప్పటి నుంచి 2022 వేసవి వరకు విడతలు విడతలుగా అక్కడ ఉన్న కాలంలో మా ఇంట, పక్కనే ఉన్న చిన్నాన్నగారి ఇంట జరిగిన చూడడాలే ఈ పరిశీలనకు ఆధారం. రెండు ఇళ్ళను బట్టి ఊరి లెక్క చెప్పలేం. ఈ వ్యాసం ఆ పని చేయదు. చెప్పేది ఇంటర్మీడియెట్ చదువుతున్న చిన్నాన్న కూతురు. వినేవారిలో ప్రధానంగా మా నాయనమ్మ, పెద్దత్త. వారి అనుమతితో కొన్ని పూటలు విన్నది విన్నట్లు రాసుకొన్నాను.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. అంతకుముందు ఇలాంటి ధారావాహికలు మా ఊరికి కాకినాడలోనో హైదరాబాదులోనో చదివే పిల్లల పెన్‌డ్రైవుల్లో పండుగ సెలవులకు వచ్చేవి. పెన్‌డ్రైవు అలవాటు తరువాత కూడా పోలేదు. 2022 మే 24న అమలాపురంలో జరిగిన ఘటనల తరువాత కోనసీమలో ఇంటర్నెట్ సుమారు రెండు వారాలు నిలిచిపోయింది. ఆ రోజుల్లో మా ఇళ్ళలో నడిచినవి ముందే దింపుకొన్న ఫైళ్ళే. ఏ ఉపశీర్షిక దేనికి సరిపోతుందో తెలిసిన పిల్లకు ఆ రెండు వారాలు ఇంట్లో గౌరవం పెరిగింది.

అప్పుడు చూసినవాటిలో రెండింటిని ఉదాహరణలకు తీసుకొంటాను. ఒకటి ‘ఇచి రిత్తోరు నో నమిద’, అంటే లీటరు కన్నీళ్ళు. ఫుజి టెలివిజన్‌లో 2005 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 11 భాగాలుగా ప్రసారమైంది. నాడీవ్యాధితో క్రమంగా నడక, మాట, రాత కోల్పోయిన కితో అయా అనే అమ్మాయి దినచర్య దీనికి మూలం. రెండవది టీబీఎస్ 2013లో ప్రసారం చేసిన ‘హంజావా నావోకి’. బ్యాంకు అధికారి తనను బలిపశువును చేయబోయిన పైవాళ్ళ మీద కసి తీర్చుకొనే కథ. దాని చివరి భాగాన్ని టోక్యో ప్రాంతంలో 42.2 శాతం ఇళ్ళలో చూశారు. నాయనమ్మ మొదటిదాన్ని కన్నీళ్ళతోనూ, రెండవదాన్ని కోర్టు వ్యవహారం వింటున్నంత శ్రద్ధతోనూ చూసింది.

ఇంగ్లీషు వదిలింది, తెలుగు పట్టుకొన్నది

ఇల్లు విడిచి వెళ్ళే జపనీయుడు ‘ఇత్తెకిమాసు’ అంటాడు. విడదీస్తే వెళ్ళి వస్తాను అనే. ఇంట్లో ఉన్నవాళ్ళు ‘ఇత్తెరాష్షై’ అంటారు, వెళ్ళి రండి. ఇంగ్లీషు ఉపశీర్షికలో ఇవి ‘నేను బయలుదేరుతున్నాను’, ‘జాగ్రత్త’ వంటి మాటలవుతాయి. మా చెల్లెలు తెర మీది అక్షరాలను ఒక్కసారి కూడా మాటకు మాటగా తెలిగించలేదు. గుమ్మంలో బూట్లు తొడుక్కొంటున్న మనిషిని చూడగానే ‘వెళ్ళొస్తానంటున్నాడు’ అనేది. ఆమెకు జపనీస్ రాదు. సందర్భానికి తెలుగులో ఉన్న ఏకైక మాట అది. ‘వెళ్తాను’ అంటే నాయనమ్మ కోప్పడుతుంది. అమంగళాన్ని తప్పించే మన మర్యాద, జపనీస్ మాటలో ఉన్న రాకడ ఒక చోట కలిశాయి. ఇంగ్లీషు నడుమ ఉన్నదన్న గుర్తు కూడా మిగల్లేదు.

తోబుట్టువుల మాటలు ఇంకా స్పష్టమైన సాక్ష్యం. జపనీస్‌లో అని, అనె, ఒతోతో, ఇమోతో అనే నాలుగు మాటలు వరుసగా మన అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. ఇంగ్లీషు వీటిని రెండుకు కుదిస్తుంది. పైగా జపాన్‌లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను వరుస కలిపి పిలుస్తారు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. ఇంగ్లీషులో ఇద్దరూ పేర్లతో పిలుచుకొన్నట్లే కనిపించడం సాధారణం. ‘లీటరు కన్నీళ్ళు’లో అయాకు చెల్లెళ్ళు, ఒక తమ్ముడు ఉన్నారు. వాళ్ళ తగవుల్లో, తరువాత వాళ్ళ ఆదరణలో సగం అర్థం ఆ ‘అక్క’ అనే పిలుపులో ఉంది. మొదటి భాగంలో ఎవరు పెద్దో తెలియక కథ ఆగింది. నాయనమ్మ ‘అక్కా, చెల్లా?’ అని అడిగింది. అక్షరాలు చెప్పలేదు. రెండవ భాగం నాటికి చెప్పే పిల్ల చెవి ‘నే’ అన్న ధ్వనిని పట్టుకొన్నది. ఆ ధ్వని వినబడితే అక్క. అంటే తెలుగు ప్రశ్న వేసింది, సమాధానం జపనీస్ గొంతు నుంచి నేరుగా వచ్చింది. ఇంగ్లీషు ఉపశీర్షిక ఆధారంగా సాగే అనువాదం ఇంగ్లీషును దాటి వెళ్ళిన సందర్భమిది.

కుటుంబంలో కనిష్ఠుని స్థానం నుంచి అందరినీ పిలవడం జపాన్ అలవాటని భాషావేత్త సుజుకి తకావో 1973లోనే వివరించాడు. తల్లి పెద్దకూతుర్ని అక్క అనే పిలవడం, భార్యాభర్తలు ఒకరినొకరు నాన్న, అమ్మ అనుకోవడం అందులోవే. ‘మీ నాన్నని పిలు’, ‘అక్కని అడుగు’ అనే ఇళ్ళవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఇంగ్లీషు ప్రేక్షకుని కోసం అభిమాని తెర పైన వివరణ రాసిన ఇలాంటి ఒక చోట మా చెల్లెలు ఆ వివరణను చదివి, నవ్వి, వదిలేసింది. అక్కడ టీక అనవసరం.

వాక్యం చివర క్రియ నిలిచే భాషలు రెండూ. జపనీస్‌లో వ్యతిరేకం క్రియకు చివర తగులుతుంది. మన ‘లేదు’, ‘కాదు’, ‘ను’ వలెనే. అందుచేత పాత్ర ఒక మాట మొదలుపెట్టి, ఆగి, చివర కాదన్నప్పుడు ఆ ఆగిన క్షణంలో నాటకం ఉంటుంది. ఇంగ్లీషు ఉపశీర్షికలో కాదన్న మాట ముందే పడిపోతుంది. నటుడు ఆగేసరికి చదువరికి ఫలితం తెలుసు. చదివి చెప్పేవారికి మాత్రం తెలుగు మళ్ళీ ఆ ఆలస్యాన్ని ఇస్తుంది. హంజావా పైఅధికారుల ఎదుట మాట్లాడే ఘట్టాలలో మా చెల్లెలు వాక్యాన్ని సగం చెప్పి, నటుని పెదవులు చూసి, చివరి క్రియను ఆయనతోపాటు వదలడం నేర్చుకొన్నది. పరోక్ష కథనమూ అంతే. ‘వస్తానన్నాడనుకున్నాను’ అనే మన మూడంతస్తుల మాటకు జపనీస్‌లో ‘కురు తొ ఇత్త తొ ఒమొత్త’ అన్నది అంతస్తుకు అంతస్తుగా సరిపోతుంది. మన ‘అని’ చేసే పనిని వారి ‘తొ’ చేస్తుంది. ఇంగ్లీషు ఇదే మాటను తలకిందులుగా నడిపిస్తుంది.

ఈ పోలికల నుంచి బంధుత్వం ఊహించడానికి ఉబలాటపడనక్కరలేదు. జపనీస్‌కు తమిళంతో చుట్టరికం కలిపిన ఓనో సుసుము వాదాన్ని భాషాశాస్త్రజ్ఞులు సాధారణంగా అంగీకరించలేదు. నిర్మాణసామ్యం వేరు, జన్యసంబంధం వేరు. పెద్దలు పిలిస్తే మా గోదావరి వాళ్ళు పలికే ‘ఆయ్’, జపనీయుల ‘హాయ్’ ఒకే వినయంతో ఒకే చోట వినబడడం మరీ ముచ్చటైన యాదృచ్ఛికం. పెద్దత్త మాత్రం దీన్ని యాదృచ్ఛికమని ఒప్పుకోలేదు; బ్యాంకులో కింది ఉద్యోగులందరూ కోనసీమ వాళ్ళేనని తీర్మానించింది.

ఇంటి నుంచి చేర్చినది

ఇంతవరకు చెప్పినది తెలుగుకు అనుకూలంగా ఉంది. అనుకూలం కానిది కూడా చెప్పకపోతే ఈ పరిశీలన పొగడ్తగా మారుతుంది.

ఇంగ్లీషులో ఉన్నది ఒకటే మధ్యమపురుష సర్వనామం. దాన్ని తెలిగించే ప్రతిసారీ నువ్వా, మీరా అన్నది తేల్చుకోక తప్పదు. హంజావా భార్య హన భర్తను పేరు పెట్టి పిలుస్తుంది, చనువుగా మాట్లాడుతుంది, అవసరమైతే గదమాయిస్తుంది. ఆ పాత్ర సొగసంతా అందులోనే ఉంది. మా ఇంట్లో ఆమె మొదటిరోజే ‘ఏవండీ, భోజనానికి రండి’ అన్నది. భర్త ఆమెను ‘నువ్వు’ అన్నాడు. తెర మీది ఇంగ్లీషులో గాని, జపనీస్‌లో గాని ఈ ఎత్తుపల్లాలు లేవు. పాత తరం జపనీస్ దంపతుల మాటల్లో భార్య ‘అనత’ అనడం, భర్త ‘ఒమాయె’ అనడం కద్దు. అక్కడ మన ఏవండీ, నువ్వు చక్కగా అమరుతాయి. 2013 నాటి ఈ జంటకు అమరవు. పదిహేడేళ్ళ పిల్ల తనకు తెలియకుండానే హనను అరుగు మీద నుంచి గడప లోపలికి తెచ్చింది. నాలుగవ భాగంలో ఒక పూట ఆమె ‘నావోకీ, నువ్వు’ అని చెప్పి చూసింది. నాయనమ్మ ఆ మాటను ఆపి, ‘మొగుణ్ణి అలా అంటదా?’ అని అడిగింది. ‘అంటది నాన్నమ్మా, అలాగే అంటంది’ అన్నది పిల్ల. ఆ తరువాత రెండు భాగాలు హన నువ్వు అనే అన్నది. పెద్దత్త వచ్చి కూర్చున్న పూట మళ్ళీ మీరు అయింది. వినేవారిని బట్టి పాఠం మారుతున్నదన్నమాట. అచ్చులో ఈ సంకోచం కనిపించదు. అనువాదకుడు ఒకదాన్ని ఎంచుకొని, రెండవది ఉండేదన్న జాడ చెరిపేస్తాడు.

బంధుత్వంలోనూ తెలుగుకు అతిగా తెలుసు. జపనీస్ ‘ఒబసాన్’ తల్లి వైపూ కావచ్చు, తండ్రి వైపూ కావచ్చు. రాతలో తల్లిదండ్రుల కంటె పెద్దో చిన్నో తెలుస్తుంది గాని మాటలో అదీ తెలియదు. తెలుగులో చెప్పాలంటే పెద్దమ్మ, పిన్ని, మేనత్త, అత్త వీటిలో ఒకటి తేలాలి. తేల్చడానికి కథలో ఆధారం లేనప్పుడు పిన్ని గెలిచేది, వయసును బట్టి. పినతండ్రి, మేనమామ పిల్లలకు జపనీస్‌లో ఒకటే మాట. తెలుగులో ఒకరు అన్నదమ్ములు, మరొకరు పెళ్ళి వరుస. ఒక ధారావాహికలో ఇద్దరి నడుమ పరిహాసం నడుస్తుంటే ‘బావేమో’ అన్న ఊహ పుట్టి, లేని ప్రేమకథను మా వాళ్ళు మూడు భాగాల దాకా ఎదురుచూశారు.

‘నేను’ విషయంలో నష్టం పూర్తిగా మనదే. బొకు, ఒరె, వతషి అన్న మాటల్లో మనిషి తనను తాను ఏ ఎత్తులో నిలుపుకొంటున్నాడో తెలుస్తుంది. కుర్రవాడు ఒకదాని నుంచి మరొకదానికి మారితే ఎదిగాడనో, తెగించాడనో అర్థం. ఇంగ్లీషుకూ తెలుగుకూ ఒక్క మాటే ఉన్నది. ఇది రెండు మజిలీల్లోనూ పోయింది. లింగం విషయం మరొక రకం. కర్తను చెప్పకుండా నడిచే జపనీస్ వాక్యం వచ్చింది మగవారో ఆడవారో దాచగలదు. ఇంగ్లీషు సర్వనామం దాన్ని బయటపెడుతుంది. తెలుగు క్రియ కూడా వచ్చాడు, వచ్చింది అని బయటపెట్టేదే గాని, ‘వచ్చారు’ అన్న గౌరవ బహువచనం ఆ రహస్యాన్ని కాపాడగలదు. మా చెల్లెలు ఇంగ్లీషు వెంట పోయి దాన్ని వాడుకోలేదు. రాసే అనువాదకుడైతే ఆగి ఆలోచించేవాడు. చెప్పేవారికి మూడు సెకన్లే ఉంటాయి.

ఏది మిగులుతుంది

అభిమాన ఉపశీర్షికల చట్టపరమైన స్థితిలో సందేహం తక్కువ. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో అనువాద హక్కు కర్తదే. నెదర్లాండ్స్‌లో అభిమానుల సంఘం తమ పని చట్టబద్ధమని తేల్చమని కోర్టుకు వెళితే, 2017లో ఆమ్‌స్టర్‌డామ్ న్యాయస్థానం వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. జపాన్‌లోనే 2016లో చైనీస్ ఉపశీర్షిక బృందాలకు చెందినవారిని అరెస్టు చేశారు. ఫలితంగా పాత ఫైళ్ళు ఒక్కొక్కటిగా అందుబాటు నుంచి తప్పుకొంటున్నాయి. అధికారిక అనువాదం వచ్చిన చోట అభిమానుల పాఠం తొలగిపోవడం సబబే. రాని చోట ఆ పాఠం పోతే ధారావాహికకు జపాన్ బయట పాఠమే ఉండదు.

జపనీస్ యానిమేషన్ ఇప్పుడు తెలుగు గొంతుతో వస్తున్నది. 2025లో ‘డెమన్ స్లేయర్’ చిత్రం తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. యుగో సాకో, రామ్‌మోహన్‌లు నడిపిన 1992 నాటి రామాయణ చిత్రం కూడా అదే ఏడాది తెలుగులో విడుదలైంది. డబ్బింగు రచయితకు నువ్వు, మీరుల మధ్య ఎంచుకొనే వ్యవధి ఉంటుంది, ఎంచుకొన్నది నిలుస్తుంది. ధారావాహికలకు ఆ భాగ్యం అరుదు. మా ఇళ్ళలో చూసినవాటిలో ఒక్కదానికీ తెలుగు ఉపశీర్షికలు లేవు. ఒక పూట ప్రయోగంగా పది నిమిషాల సంభాషణను నేనే తెలుగు లిపిలో రాసి ఫైలు తయారుచేశాను. కంప్యూటరులో బాగానే కనిపించింది. పెన్‌డ్రైవు పెట్టి టీవీలో వేస్తే ఒత్తులు విడిపోయి, అక్షరాల బదులు డబ్బాలు వచ్చాయి. ఇంగ్లీషులో రెండు పంక్తుల్లో ఇమిడిన మాట తెలుగులో మూడయింది. నాయనమ్మ తెలుగు చదవగలదు. అద్దాలు పెట్టుకొని కాసేపు చూసి, ‘చదివితే బొమ్మ పోతంది, నువ్వే చెప్పవే’ అని మనవరాలికే పని అప్పగించింది.

అలా చెప్పినదానిలో నా నోటు పుస్తకాల్లోకి ఎక్కినది స్వల్పం. తక్కినది విన్నవాళ్ళ చెప్పడాలలో ఉంది, అక్కడ దాని పాఠాంతరాలు మొదలయ్యాయి. అయా తండ్రిది తోఫు దుకాణం. మొదటి భాగంలో తోఫు ఏమిటని నాయనమ్మ అడిగితే, సోయా పాలు విరగ్గొట్టి చేస్తారు, జున్నులా ఉంటుంది అని చెల్లెలు చెప్పింది. మరుసటి వారం పెరటి గోడ దగ్గర నాయనమ్మ ఆ కథ పక్కింటావిడకు చెబుతుంటే విన్నాను. తండ్రి జున్ను అమ్ముతాడు, తల్లి ఆసుపత్రిలో నర్సు, పెద్దపిల్లకు కాళ్ళు పోయాయి. పక్కింటావిడ నిట్టూర్చి, అన్ని ఈతలు ఈనే గేదెలు ఎన్నున్నాయి వాళ్ళకి అని అడిగింది.